డౌను అంటే కింద

నేను కాపురానికి వెళ్లింది అరకు కొండల్లోకి. మా ఆయనకి ఏజెన్సీలో టీకాలు వేసే ఉద్యోగం. గూడెం గూడేనికీ నడిచి వెళ్లి పిల్లల చేతుల మీద టీకాలు వేయాలి. రాత్రి ఎక్కడైతే అక్కడే పడక. మా పుట్టింటివాళ్లు ఆ మాట విని ఏడ్చారు. నేను మాత్రం కోట ఊరు దాటి ఘాటు దారి ఎక్కడం మొదలయ్యేసరికి బండి దిగిపోయి, చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని, ఎడ్ల కంటే ముందు నడిచాను. పల్లంలో పుట్టి పెరిగినదాన్ని, కొండ అంటే దూరం నుంచి నీలంగా కనిపించేదనే అనుకున్నాను. దగ్గరికి వెళ్తే అది పచ్చగా, తడిగా, పసుపుకొమ్ము విరిచినప్పటి వాసనతో ఉంది. ఆ రోజే దానితో నాకు స్నేహం కుదిరింది.

కాపురం పెట్టించడానికి మా అత్త కూడా వచ్చింది. ఆవిడకి కొండలంటే గిట్టదు. కొండ నీళ్లు జ్వరం, కొండ గాలి దగ్గు, కొండ దారి మోకాళ్ల నొప్పి అని ఆవిడ లెక్క. పల్లంలో పెద్ద కొడుకు ఇంట పదిమంది మనవలతో సందడిగా ఉండే మనిషి, మాకోసం ఆ చలిలో కూర్చుంది. కూర్చున్న రోజే తీర్పు కూడా చెప్పేసింది.

"ఇదిగో నాయినా, సెప్తన్నాను ఇను. ఈ గుంట పల్లపు గుంట. ఈ పుష్యమాసం గట్టెక్కితే నీ దగ్గరే ఉంటాది. దగ్గో జొరమో వొచ్చిందా, డోలీ కట్టించి నాతో తీసుకుపోతాను. ఎండలు ముదిరినాకే మళ్లీ పంపుతాను."

మా ఆయన తల ఊపారు. నన్నెవరూ అడగలేదు. ఆ వారంలోనే ఆయనతో ఒక దఫా దగ్గరి గూడేలకి వెళ్లి వచ్చాను. మగవాడు సూది పట్టుకుని వస్తున్నాడంటే తల్లులు పిల్లల్ని ధాన్యపు గాదెల వెనక దాచేసేవాళ్లు. నేను వెళ్లి గుమ్మంలో కూర్చుని, ఏదో ఒకటి మాట్లాడి, పిల్లని ఒళ్లో వేసుకుంటే ఆ పిల్ల ఏడిచేలోపు ఆయన పని అయిపోయేది. తిరిగి వస్తుంటే ఆయన వాగు దగ్గర ఆగి, "నువ్వొస్తే పని బేగి అవుతాదే" అన్నారు. పెళ్లయ్యాక ఆయన నా గురించి అన్న మొదటి మంచి మాట అది. దాన్ని నేను ఎన్నిసార్లు నెమరువేసుకున్నానో! అందుకే పుష్యమాసం గట్టెక్కడం నాకు పంతమైపోయింది.

గట్టెక్కాలంటే పడక కావాలి. వెచ్చగా ఉండాలి, వీపున వేసుకుని నడవడానికి తేలిగ్గా ఉండాలి. ఆయనకి ఉన్న కూలిమనిషి మందుపెట్టెలు, వంటసామాను మోసేవాడు. పడక ఎవరిది వాళ్లే మోసుకోవాలని మా ఆయన నియమం. నియమాలు పెట్టడంలో ఆయన తర్వాతే ఎవరైనా. మా పెరటి వెనకాల వాలు మీద ఒక పనసచెట్టు ఉండేది. పడకని వీపుకి కట్టుకుని ఆ చెట్టు దాకా ఎక్కి, ఆగకుండా దిగి రావాలి. ఆయాసం వచ్చిందా, ఆ పడక పనికిరాదు. ఇదీ పరీక్ష.

మొదట గొంగళి. సంతలో కొన్నాం. చూడ్డానికి బాగుంది, కప్పుకుంటే వెచ్చగానూ ఉంది. గుచ్చుకోవడం ఎలాగూ ఉంది. కానీ ఒక రాత్రి పెరట్లో ఆరేస్తే మంచుకి నాని, పొద్దున్నకి గొర్రె ప్రాణంతో లేచొచ్చిందా అన్నంత బరువైంది. వాసన కూడా గొర్రెదే. పనసచెట్టుకి సగం దారిలోనే దించేశాను.

తర్వాత మా అత్త తెచ్చిన బొంత. ఆవిడ పాత చీరలు, వాళ్ల అత్తగారి చీరలు పొరలు పొరలుగా పరిచి, దగ్గర దగ్గరగా కుట్లు వేసి తన చేత్తో కుట్టిన బొంత అది. అంచుల్లో వంగపండు రంగు చీర ముక్క, మధ్యలో ఎవరిదో పెళ్లిచీర పసుపు. దాన్ని విప్పితే మా అత్త ముఖం వెలిగిపోయేది. మా ఆయన దాన్ని ఒకసారి ఎత్తి చూసి, అక్కడే దించేసి, "దీనికో ఎద్దు గావాలే అమ్మా" అన్నారు. పనసచెట్టు దాకా కూడా వెళ్లలేదు. మా అత్త మారు మాట్లాడకుండా దాన్ని మడిచి పెట్టెలో పెట్టేసుకుంది. ఆవిడ మాట్లాడకపోవడం చూసి నాకు భయం వేసింది, అదెప్పుడూ జరిగే పని కాదు.

ఊరివాళ్లు చలికి ఏం చేస్తారా అని చూస్తే, మధ్యలో నిప్పు వేసి దాని చుట్టూ పడుకుంటారు. మేం అద్దెకున్న ఇంటావిడ, కొండ రైతు పెళ్లాం, మా పడకల పరీక్ష చూసి పొట్ట పట్టుకుని నవ్వేది. "నిప్పు మొయ్యక్కర్లేదు గదా అమ్మా, ఏ ఊరెల్తే ఆ ఊళ్లోనే ఉంటాది" అంది. మాట నిజమే. కానీ నిప్పు పక్కన పడుకుంటే నాకు ఒకవైపు కాలేది, ఒకవైపు వణికేది, మధ్యలో పొగకి కళ్లు మండేవి. దానికీ అలవాటు కావాలి.

ఇలా ఉండగా ఊళ్లో సర్కారు బంగళాలో దిగిన తెల్లదొర తన దేశం వెళ్లిపోతూ మా ఆయన్ని పిలిచాడు. సీతాకోకచిలుకల్ని పట్టి అట్టలకి గుచ్చుకునే దొర అతను. అతని మనుషులందరికీ మా ఆయన టీకాలు వేశారు, అతని కాలిపుండుకి కట్టు కూడా కట్టారు. అందుకు బదులుగా తన సామానులో ఏదైనా ఒకటి తీసుకోమన్నాడట. నేనూ వెంట వెళ్లాను. వరండాలో అన్నీ పరిచి ఉన్నాయి. మడత మంచం ఒకటి. ఎర్రచారల ఉన్ని దుప్పటి ఒకటి, ముట్టుకుంటే పిల్లిపిల్లలా మెత్తగా ఉంది. ఇంకొకటి ఉబ్బిన పొడుగాటి సంచి, బూడిద రంగుది. ఒక చివర తాడుతో బిగించి ఉంది.

నా ప్రాణం ఎర్రచారల దుప్పటి మీద ఉంది. మా ఆయన మంచం వైపు చూడనేలేదు. దుప్పటిని ఒక చేత్తో, సంచిని ఒక చేత్తో ఎత్తి చూశారు. సంచి ఎత్తిన చెయ్యి దానంతటదే పైకి లేచిపోయింది, లోపల ఏమీ లేనట్టు. ఆయన ముఖం చూసి నా దుప్పటి పోయిందని అర్థమైంది. ఇది ఏమిటని దొరని ఇంగ్లీషులో అడిగారు. దొర సంచిని తట్టి, నవ్వి, "డౌన్! డౌన్!" అన్నాడు. ఇంకా ఏదో అన్నాడు గానీ అది ఎవరికీ అందలేదు.

మా ఆయన ఫోర్తు ఫారం దాకా చదివారు. ఇంటికొచ్చి మా ఇద్దరికీ పాఠం చెప్పారు.

"డౌను అంటే కింద. ఇది కింద పరుచుకునే సంచి. దొరలకి తెల్సు, సలి నేల్లోంచే వొస్తాది. కింద ఇది ఉంటే పైన పల్చటి దుప్పటి సాలు."

"మరి పైన కప్పుకునేదాన్నేటంటారో?" అంది మా అత్త.

"పైనని అప్ అంటారు."

"అప్పా? అప్పు మాత్రం వొద్దు నాయినా. ఉన్నదాంతో తొంగుందాం."

నేను నవ్వు ఆపుకోలేక పెరట్లోకి పరిగెత్తాను. ఆ చివర తాడు ఎందుకని అడిగితే, లోపలి సరుకు మాసిపోతే మార్చుకోవడానికి అన్నారు. మా ఆయన పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్లు. అయితే ఒక్కటి ఒప్పుకోవాలి, దాన్ని వీపున కట్టుకుని పనసచెట్టు దాకా వెళ్లి దిగి వచ్చేసరికి నాకు వీపు మీద ఏదీ ఉన్నట్టే లేదు. పరీక్ష నెగ్గింది.

పుష్యమాసం వచ్చింది. ఆ నెల మేం వెళ్లిన గూడెం పైన ఎత్తు మీద ఉంది. పగలు ఎంత బాగుండేదని! వలిసె పంట కోసేసిన చేలు, వాటి మధ్య నుంచి దారి, నాకంటే ముందు పరిగెత్తే మేకపిల్లలు. పిల్లలు నన్ను చూడగానే చేతులు దాచుకునేవాళ్లు, నేను పిండివంట ఏదో తీసి చూపిస్తే ఒక చెయ్యి బయటికొచ్చేది, ఆ చెయ్యే మాకు కావలసింది. రాత్రి మాత్రం నరకం. సంచిని కింద వేసుకుని, దాని మీద పడుకుని, పైన దుప్పటి కప్పుకున్నాం. మేం పడుకోగానే అది చదునుగా అణిగి చాపలా అయిపోయేది. ఇటు తిరిగితే అటు చలి, అటు తిరిగితే ఇటు చలి. పొద్దున ఆ ఇంటి ముసలమ్మ వేడి చోడి అంబలి ముంతతో ఇస్తే తాగడానికి కూడా పళ్లు ఆగలేదు. "కింద వెచ్చగానే ఉంది గదా?" అన్నారు మా ఆయన. ఆయన ముక్కు కూడా నీలంగా ఉంది. కానీ ఫోర్తు ఫారం చదువు అలా తేలిగ్గా ఓటమి ఒప్పుకోదు.

ఇంటికి చేరేసరికి నాకు దగ్గు పట్టుకుంది. మా అత్త గుమ్మంలోనే వింది.

"ఏటే గుంటా, ఆ దగ్గేటి?"

"దుమ్ము అత్తా."

"మంచు కురుత్తంటే దుమ్మెక్కడిదే? ఉట్టికెగరలేనమ్మ సొర్గానికెగిరిందని, పల్లంలో సలికే ముసుగెట్టుకునేదానివి, నీకు కొండలెందుకే! ఒరే నాయినా, డోలీకి సెప్పు."

ఆయన నావైపు చూశారు. ఆ చూపులో ఉంచుకోవాలనే ఉంది. అయినా డోలీ మోసేవాళ్లకి కబురు పెట్టడానికి బయటికి వెళ్లారు. మా అత్త నా ట్రంకు పెట్టె సర్దడం మొదలుపెట్టింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆవిడ మీద, ఆయన మీద, దొర మీద, ఆ ఎర్రచారల దుప్పటి ఎవరి మీద ఉందో వాళ్ల మీద కూడా. వెనక గదిలోకి వెళ్లి, నేల మీద పరిచి ఉన్న ఆ దిక్కుమాలిన సంచి మీద కూర్చుని ఏడ్చాను.

ఏడుపు ఎంత గట్టిదైనా కాళ్లకి చలి వేస్తూనే ఉంటుంది. పాదాలు మంచుగడ్డలు. ప్రయాణంలో రాపిడికి సంచి చివర తాడు వదులైంది. ఎలాగూ పాడైపోయిందే కదా అని కసిగా పాదాలు అందులోకి తోశాను. నా ఏడుపు అక్కడే ఆగింది. లోపల ఒక తీయటి వెచ్చదనం, ఎండలో ఆరిన ధాన్యంలోకి కాళ్లు పెట్టినట్టు. మోకాళ్ల దాకా వెళ్లాను. నడుము దాకా వెళ్లాను. సరుకు మార్చుకోవడానికైతే లోపల సరుకు చేతికి తగలాలి కదా? తగల్లేదు. గోడలాగా రెండు పక్కలా మెత్తగా, మధ్యలో మనిషికి సరిపడా ఖాళీ. మెడ దాకా దూరి, తల ఒక్కటి బయట పెట్టాను. చలి ఎక్కడికి పోయిందో తెలియదు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, ఇన్ని రోజులూ ఈ వెచ్చదనం మీద పడుకుని మేం గజగజ వణికాం. ఆ మాట ఆయనతో ఎలా చెప్పాలా అని ఆలోచిస్తూ, తల కూడా లోపలికి లాక్కుని, పట్టపగలు నిద్రపోయాను.

తర్వాత జరిగింది నాకు వాళ్లు చెప్పగా తెలిసింది. నేను కనబడకపోయేసరికి మా అత్త వాగు దాకా వెళ్లి కేకలు పెట్టిందట. మా ఆయన చేలన్నీ తిరిగారట. అలిగి పుట్టింటికి నడిచిపోయిందేమోనని ఘాటు దారి వైపు కూడా పరిగెత్తారట. తిరిగొచ్చిన మా అత్త, చేతులు ఊరుకోక, సంచికి దుమ్ము దులుపుదామని కర్ర ఎత్తింది. సరిగ్గా అప్పుడే సంచి దగ్గింది.

"ఓలమ్మో!" అని ఆవిడ వేసిన కేకకి నేను తల బయట పెట్టాను. గుమ్మంలో మా ఆయన రొప్పుతూ నిలబడ్డారు, కాళ్లనిండా మట్టి.

"ఏటి సేత్తన్నావే అక్కడ?" అన్నారు.

"నాను రాను" అన్నాను. "లోన ఎంత ఎచ్చగున్నాదో! ఇది పరుపు కాదు, ఇందులో దూరి తొంగోవాల. నాను పల్లం రాను, ఇందులోంచీ రాను."

మా అత్త కర్ర కింద పడేసి వంగి చూసింది. కుట్టు దగ్గర ఒక చిన్న నూగు ఈక పైకి వచ్చి ఉంది. దాన్ని రెండు వేళ్లతో లాగి వెలుగులో పట్టుకుంది. కొడుకు వైపు తిరిగింది.

"పిట్ట ఈకరా ఇది! కోడి పిల్లల్ని రెక్కల కిందెట్టుకుంటాది గానీ, పిల్లలెక్కడైనా కోడి నెత్తికెక్కి తొంగుంటాయేటిరా? నీ డౌనూ నీ సదువూ!"

మా ఆయన సంచి వంక చూశారు, నా వంక చూశారు, తాడు వంక చూశారు. "డౌనుకి ఇంకో అర్థం ఉందేమో" అన్నారు మెల్లగా. అంతే, నేను సంచిలోనే దొర్లి దొర్లి నవ్వాను. ఆయన కూడా గుమ్మంలో కూలబడి నవ్వారు. నేనున్నానన్న సంతోషం, సంచి గుట్టు తెలిసిన సంతోషం, రెండూ కలిసి ఆ నవ్వు చాలాసేపు ఆగలేదు. పిట్టల నూగు ఈకల్ని ఇంగ్లీషులో డౌను అంటారని ఆయనకి తెలియడానికి ఇంకా చాలా కాలం పట్టింది. తెలిశాక కూడా, "కింద అనే అర్థం కూడా ఉంది గదా" అనేవారు.

మా అత్తకి నమ్మకం కుదరలేదు. నన్ను బయటికి లాగి తను దూరింది. మోకాళ్ల వాతం మనిషి. మొదట "ఊఁ" అంది. తర్వాత "ఓలమ్మ" అంది. తర్వాత ఏమీ అనలేదు. డోలీ మోసేవాళ్లు వాకిట్లోకి వచ్చి పిలిస్తే, సంచిలోంచే కేక వేసింది: "ఎల్లిపోండి నాయినా! ఎవరూ దిగరు!"

పుష్యం అలా గట్టెక్కింది. నా దగ్గు తగ్గింది. మాకు కొత్త తగువు వచ్చింది, సంచి ఒకటి, మనుషులం ముగ్గురం. ఇంట్లో ఉంటే అది మా అత్తదే, ఆవిడ మోకాళ్లు దానికి అలవాటు పడ్డాయి. గూడేలకి వెళ్తే మేమిద్దరం వంతులు వేసుకునేవాళ్లం. ఆయన వంతులో ఎప్పుడూ నిద్రలేపడం మర్చిపోయి నన్నే పడుకోనిచ్చేవారు. అడిగితే, "నువ్వు గుర్రెట్టి తొంగున్నావే, ఎలా లేపను?" అనేవారు. నాకు గురక లేదు. ఉందని ఆయన చివరిదాకా వాదించారు.

శివరాత్రి దగ్గర పడింది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు, మా అత్త కూడా ప్రయాణం కట్టింది. డోలీ వచ్చింది. ఆవిడ వాకిట్లో నిలబడి, సంచిని చంకలో పెట్టుకుని, కొడుకుతో అంది:

"ఒకటి తేల్సు నాయినా. నాను ఒట్టి సేతుల్తో దిగను. కోడల్నైనా నాతో పంపు, ఈ సంచైనా నాకియ్యి."

ఆవిడ కళ్లలో నవ్వు నాకు కనబడింది. ఆయనకి కనబడలేదు. ఆయన సంచి వైపు చూశారు. నా వైపు చూశారు. మళ్లీ సంచి వైపు చూసి, ఆగారు.

ఆగారండీ! కన్ను మూసి తెరిచేంత సేపే కావచ్చు, కానీ ఆగారు. "సంచి తీసుకెల్లమ్మా" అని తర్వాత ఎంత గట్టిగా అన్నా, ఆ ఆగడం ఆగడమే. బతికున్నంత కాలం కూరలో ఉప్పు తగ్గిందని ఆయన అన్నప్పుడల్లా, "అప్పుడే సంచిని ఉంచుకోవలసింది" అనేదాన్ని.

మా అత్త డోలీ ఎక్కి కూర్చుని, సంచిని ఒళ్లో పెట్టుకుంది. "మీ పడక లోన పెట్టెలో ఉంది" అంది. "డౌను కిందికి పోతంది. మీకు అప్పు ఉంచినాను, సూసుకోండి." ఆ మాటకి తనే నవ్వుకుంటూ వాలు దిగిపోయింది. డోలీ మలుపు తిరిగేదాకా ఆవిడ నవ్వు వినబడుతూనే ఉంది. నాకు మాత్రం ఉన్నట్టుండి ఏడుపొచ్చింది. గిట్టని చలిలో అన్ని రోజులు నాకోసం కూర్చున్న మనిషి ఆవిడ.

పెట్టె తీశాం. అదే బొంత. మేం గూడేల్లో ఉన్న రోజుల్లో దాన్ని మధ్యకి మడిచి, ఒక పక్కా కిందా గట్టిగా కుట్టేసి, మూతికి తాడు కూడా పెట్టింది. దొర సంచి చూసి నేర్చుకున్నదే గానీ వెడల్పు మాత్రం దొరది కాదు. ఇద్దరికి సరిపడా కుట్టింది. మూతి దగ్గర పెళ్లిచీర పసుపు వచ్చేలా తిప్పి మడిచింది. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకోలేక ఆ కుట్లే చూస్తూ నిలబడ్డాం.

ఆ వారంలోనే మళ్లీ గూడేలకి బయల్దేరాం. నేను వంగి బొంత అందుకోబోతే ఆయన నా చెయ్యి తప్పించి, తాళ్లు బిగించి తన వీపుకే కట్టుకున్నారు. ఎద్దు కావాలన్న బొంత. వాలు ఎక్కుతుంటే నడుము ముందుకు వంగిపోయింది, మెడ మీద చెమట కారుతోంది. వెనకే నడుస్తున్న నాకు ఆ పసుపు మూతి ఒక్కటే కనబడుతోంది. ఎవరి పడక వాళ్లే మోసుకోవాలన్న నియమం మాట నేను ఎత్తలేదు.

"బరువా?" అన్నాను.

"బరువేటి? నేదు" అన్నారు, ఆయాసంతో.

పనసచెట్టు వచ్చింది. ఆయన ఆగలేదు.